రహదారి తారుకు పరీక్షలు

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలంటారు. ఆ ఎండకు రాతి సంగతి ఎలా ఉన్నా, తారు రోడ్డు మాత్రం మెత్తబడుతుంది. మిట్టమధ్యాహ్నం రెంటచింతలలోనో రామగుండంలోనో రోడ్డు దాటే మనిషి చెప్పుకు నల్లని తారు బంకలా అంటుకుంటుంది. బరువు లారీలు ఆగి కదిలే కూడళ్లలో చక్రాలు నడిచిన మేర రెండు పొడవాటి గాడులు పడతాయి. నెల తిరిగేసరికి తొలకరి వస్తుంది. ఆ గాడులలో నీరు నిలుస్తుంది. ద్విచక్రవాహనం మీద వెళ్లేవారికి ఆ నీటి కింద ఏముందో కనిపించదు. అదే రోడ్డు పుష్యమాసపు తెల్లవారుజామున బిగుసుకొని గట్టిపడుతుంది; వయసు మీరిన రోడ్డయితే సన్నగా బీటలు వారుతుంది.

ఎండకు కారిపోకుండా, చలికి పగలకుండా, వానకు ఊడిపోకుండా ఏళ్ల తరబడి నిలవవలసిన పదార్థం ఇది. అది ఆ పనికి తగినదో కాదో రోడ్డు వేయకముందే తెలియాలి. వేసిన తరువాత తెలిస్తే ప్రజాధనంతో పాటు ఒక్కొక్కసారి ప్రాణాలు కూడా పోతాయి. ముందుగా తెలుసుకొనే చోటు ప్రయోగశాల. అయితే ఆ ప్రయోగశాల కూడా మన దేశంలో చాలాకాలం తారును అడగవలసిన ఒక ముఖ్యమైన ప్రశ్నను అడగలేదు. ఆ ప్రశ్న ఏమిటో గ్రహించాలంటే ముందుగా తారు స్వభావాన్ని తెలుసుకోవాలి.

మనం వాడుకలో తారు అంటున్నది శాస్త్రరీత్యా తారు కాదు. బొగ్గును గాలి తగలకుండా బాగా వేడిచేసి కోకు తయారుచేసేటప్పుడు వెలువడే నల్లని చిక్కని ద్రవం అసలైన తారు. దాని పొగలో కాన్సరును కలిగించే పదార్థాలు అధికంగా ఉంటాయి. నేడు రోడ్లకు వాడేది బిటుమెన్. ముడి చమురును అంశిక స్వేదనం చేసినప్పుడు పెట్రోలు, కిరోసిను, డీజిలు వంటివి వేరుపడగా అడుగున మిగిలే బరువైన అవశేషం నుండి దీనిని తయారుచేస్తారు. విశాఖపట్నంలో 1957లో కాల్టెక్స్ సంస్థ ప్రారంభించగా, తరువాత హిందుస్థాన్ పెట్రోలియం చేతికి వచ్చిన చమురుశుద్ధి కర్మాగారంలో బిటుమెన్ కూడా ఉత్పత్తి అవుతుంది. ప్రకృతిలో తనంత తానుగా దొరికే బిటుమెన్ కూడా ఉంది. మొహెంజొదారోలోని మహాస్నానవాటికకు నీరు ఇంకకుండా సింధు ప్రజలు పూసినది అదే. అమెరికావారు బిటుమెన్‌నే ఆస్ఫాల్టు అంటారు. ఇతర దేశాలలో ఆస్ఫాల్టు అంటే బిటుమెన్‌తో కంకర కలిపిన మిశ్రమం. పేర్ల ఈ గందరగోళంలోకి పోకుండా, వాడుకమాటనే మన్నించి, ఇకపై తారు అన్న చోటల్లా బిటుమెన్ అనే అర్థంలోనే వాడుకుందాం.

తారు ఘనపదార్థమా, ద్రవమా? ఈ ప్రశ్నకు ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో ఒక చక్కని సమాధానం ఉంది. థామస్ పార్నెల్ అనే భౌతికశాస్త్ర ఆచార్యుడు 1927లో తారు జాతికే చెందిన పిచ్ అనే పదార్థాన్ని వేడిచేసి, కాడ మూసిన ఒక గాజు గరాటులో పోశాడు. అది కుదురుకోవడానికి మూడేళ్లు గడువిచ్చి, 1930లో గరాటు కాడను కోశాడు. సుత్తితో కొడితే గాజులా పెళుసుగా పగిలే ఆ పదార్థం బొట్లు బొట్లుగా కారసాగింది. ఎనిమిదవ బొట్టు 2000 సంవత్సరంలో, తొమ్మిదవ బొట్టు 2014లో రాలాయి. అంటే ఎనభై నాలుగేళ్లలో తొమ్మిది బొట్లు! సుత్తి దెబ్బకు అది ఘనం. ఓపికగా చూసేవారికి ద్రవం. రోడ్డు మీది తారు కూడా ఇటువంటిదే. వేగంగా దూసుకుపోయే కారు కింద అది గట్టిగా నిలుస్తుంది. ఎర్రదీపం ముందు నిమిషాల తరబడి ఆగిన లారీ కింద మెల్లగా జరుగుతుంది. కనుక ‘ఈ తారు గట్టిదా, మెత్తదా?’ అని ఊరకే అడిగితే అర్థం లేదు. ఎంత వేడిలో, ఎంత బరువు కింద, ఎంతసేపు అని కూడా అడగాలి.

పంతొమ్మిదవ శతాబ్దంలో ఇంత వివరంగా అడిగే సాధనాలు లేవు. అనుభవజ్ఞులైన పనివారు తారు ముక్కను నోట వేసుకొని నమిలి, పంటికి తగిలే బిగువును బట్టి దాని గట్టిదనాన్ని చెప్పేవారు. వినడానికి వింతగా ఉన్నా ఆ పద్ధతిలో కొంత శాస్త్రం లేకపోలేదు: మనిషి నోటి ఉష్ణోగ్రత ఇంచుమించు ఎల్లప్పుడూ ఒక్కటే. కాని పన్ను పన్నుకూ తీర్పు మారుతుంది. ఆ తీర్పును పంటి నుండి సూదికి మార్చిన ఘనత బోవెన్ అనే అమెరికనుది. 1888లో ఆయన రూపొందించిన యంత్రమే కాలక్రమాన సంస్కరింపబడి, సూది దిగుబడి పరీక్షగా ప్రపంచమంతటా వ్యాపించింది.

ఈ పరీక్ష చూడడానికి అతి సులభం. కరిగించిన తారును చిన్న లోహపు గిన్నెలో పోసి, మొదట గాలిలో, ఆపైన 25 డిగ్రీల సెంటీగ్రేడు నీటిలో గంటకు పైగా ఉంచుతారు. తరువాత 100 గ్రాముల మొత్తం బరువుతో ఉన్న ఒక ప్రామాణికమైన సూది మొనను తారు ఉపరితలానికి సరిగ్గా తాకేలా నిలిపి, 5 సెకన్ల పాటు వదులుతారు. సూది ఎంత లోతు దిగిందో మిల్లీమీటరులో పదోవంతులలో లెక్కిస్తారు. 6 మిల్లీమీటర్లు దిగితే ఫలితం 60. 7 మిల్లీమీటర్లు దిగితే 70. ఈ రెండింటి నడుమ ఉన్న తారు 60/70 రకం. మన దేశంలో దశాబ్దాల పాటు తారును కొన్నది, అమ్మినది ఈ అంకెల పేరుతోనే. 80/100 మెత్తనిది, 30/40 గట్టిది.

సులభమైన ఈ పరీక్ష చేతిలో ఎన్నో చిక్కులున్నాయి. నీటి ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెరిగితే ఫలితం సుమారు పదోవంతు మారుతుంది. 64 రావలసిన చోట 70 వచ్చిందంటే తప్పు తారుదో, ఉష్ణమాపకానిదో చూసుకోవాలి. ఒకసారి గుచ్చిన చోటికి ఒక సెంటీమీటరు లోపల మళ్లీ గుచ్చకూడదు. ప్రతిసారీ శుభ్రమైన సూదినే వాడాలి. ఒక్క అంకెను నమ్మక, కనీసం మూడుసార్లు గుచ్చి సగటు తీయాలి. తారును కరిగించేటప్పుడు మంట ఎక్కువైతే అందులోని తేలికపాటి నూనెలు ఆవిరై, తారు గట్టిపడి, పరీక్షకు ముందే అది వేరొక తారుగా మారిపోతుంది. ప్రయోగశాలలో ఓర్పు లేనివానికి తారు ఎప్పుడూ నిజం చెప్పదు.

సూదికి తోడుగా మరికొన్ని పరీక్షలున్నాయి. మెత్తబడే ఉష్ణోగ్రతను కనుగొనడానికి ఇత్తడి ఉంగరంలో తారును పోసి, దానిపై 3.5 గ్రాముల ఉక్కు గుండును నిలిపి, నీటిలో ముంచి, నిమిషానికి 5 డిగ్రీల చొప్పున వేడిచేస్తారు. తారు మెత్తబడి గుండుతో సహా 25 మిల్లీమీటర్లు కిందికి జారి అడుగు పలకను తాకిన క్షణంలో ఉన్న ఉష్ణోగ్రతే ఫలితం. సాగేగుణాన్ని చూడడానికి నడుము సన్నగా ఉండే అచ్చులో తారును పోసి, నీటిలో ఉంచి, రెండు కొసలనూ నిమిషానికి 5 సెంటీమీటర్ల వేగంతో లాగుతారు. అది దారమంత సన్నబడి ఎన్ని సెంటీమీటర్ల దూరాన తెగిందో చూస్తారు. ఆ దారం నీటిపై తేలినా, అడుగుకు మునిగినా లెక్క చెడుతుంది కాబట్టి నీటి సాంద్రతను కూడా సరిచూసుకోవాలి. ఈ పరీక్ష ఎంతవరకు ఉపయోగకరమన్న విషయంలో ఇంజనీర్లలో అభిప్రాయభేదాలున్నాయి. రోడ్డు మీద తారును అలా మీటరు పొడవున సాగదీసే శక్తి ఏదీ లేదన్న వాదనలో న్యాయం ఉంది. మరొక పరీక్షలో తారును క్రమంగా వేడిచేస్తూ పైన చిన్న మంటను ఆడిస్తారు. ఆవిరి ఏ ఉష్ణోగ్రత వద్ద భగ్గున మెరుస్తుందో గుర్తిస్తారు. అది 220 డిగ్రీలకు తగ్గకూడదు. ఇది రోడ్డు కోసం చేసే పరీక్ష కాదు, మరిగే తారు పక్కన నిలబడి పనిచేసే కూలీ కోసం చేసే పరీక్ష.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. సూది పరీక్ష జరిగేది 25 డిగ్రీల వద్ద. మన వేసవిలో గాలి ఉష్ణోగ్రతే 40 దాటుతుంది. నల్లని రోడ్డు ఎండను పీల్చుకొని 60 డిగ్రీలకు చేరుతుంది. 25 డిగ్రీల వద్ద ఒకేలా ఉన్న రెండు తారులు 60 డిగ్రీల వద్ద కూడా ఒకేలా ఉంటాయని ఎవరు హామీ ఇవ్వగలరు? తారు గుణం అది పుట్టిన ముడి చమురును బట్టి, శుద్ధి చేసిన విధానాన్ని బట్టి మారుతుంది. ఉదాహరణకు, రెండు నమూనాలలోనూ సూది 65 అంకె చూపిందనుకుందాం. ఒకదానిలో మైనం పాలు ఎక్కువగా ఉంటే, వేడి పెరిగేకొద్దీ అది రెండవదానికంటె త్వరగా పలుచబడుతుంది. ప్రయోగశాల పుస్తకంలో రెండూ 60/70 రకమే. రెండింటికీ ధర ఒక్కటే. వైశాఖంలో మాత్రం ఒక రోడ్డు నిలుస్తుంది, మరొకటి గాడులు పడుతుంది. అప్పుడు గుత్తేదారు ఇంజనీరును, ఇంజనీరు గుత్తేదారును అనుమానిస్తారు. తప్పు ఇద్దరిదీ కాకపోవచ్చు. 25 డిగ్రీల చల్లదనంలో అడిగిన ప్రశ్నకు తారు నిజమే చెప్పింది. 60 డిగ్రీల సంగతి దానినెవరూ అడగలేదు.

అమెరికాలో 1960 దశకం నుండి ఇంజనీర్లు ఈ లోపాన్ని సరిదిద్దడం మొదలుపెట్టారు. మన దేశంలో భారతీయ ప్రమాణాల సంస్థ 2006లో తారుకు సంబంధించిన ఐ.ఎస్. 73 ప్రమాణాన్ని సవరించి, సూది అంకెలకు బదులు స్నిగ్ధతను ఆధారంగా తీసుకొన్నది. ప్రవాహాన్ని అడ్డుకొనే గుణాన్ని స్నిగ్ధత అంటారని భౌతికశాస్త్రంలో చదువుకొనే ఉంటారు. నీటికది తక్కువ, తేనెకు ఎక్కువ. స్నిగ్ధతను ఆంగ్లంలో విస్కాసిటీ అంటారు గనుక కొత్త రకాలకు వీజీ-10, వీజీ-20, వీజీ-30, వీజీ-40 అనే పేర్లు వచ్చాయి. పాత 60/70 స్థానంలోకి స్థూలంగా వీజీ-30 వచ్చింది.

60 డిగ్రీల వద్ద స్నిగ్ధతను కొలిచే తీరు ఇది. వెంట్రుకవాసి మార్గం గల వంపు గాజు గొట్టంలో, అంటే కేశనాళికలో, తారును పోసి 60 డిగ్రీల వేడిలో నిలకడగా ఉంచుతారు. అంత చిక్కని ద్రవం తనంత తానుగా సన్నని గొట్టంలో ఎక్కదు. అందుచేత రెండవ కొసన 300 మిల్లీమీటర్ల పాదరస మట్టానికి సమానమైన శూన్యాన్ని కల్పించి పైకి లాగుతారు. గొట్టం మీది రెండు గీతల నడుమ దూరాన్ని తారు ఎన్ని సెకన్లలో దాటిందో చూసి, ఆ కాలాన్ని గొట్టపు స్థిరాంకంతో హెచ్చిస్తే స్నిగ్ధత పాయిజులలో వస్తుంది. గది వేడిమిలోని నీటి స్నిగ్ధత పాయిజులో నూరోవంతు మాత్రమే. వీజీ-30 తారుకు 60 డిగ్రీల వద్ద కూడా అది కనీసం 2400 పాయిజులు ఉండాలి. వీజీ-40కి 3200 ఉండాలి. 2013లో వెలువడిన సవరణ గరిష్ఠ పరిమితిని కూడా చేర్చింది. వీజీ-30కి అది 3600. వేసవిలో ఏడు రోజుల సగటు గరిష్ఠ గాలి ఉష్ణోగ్రత 38 నుండి 45 డిగ్రీల దాకా ఉండే చోట్ల వీజీ-30, అంతకు మించితే వీజీ-40 వాడాలని ఆ ప్రమాణం సూచించింది. ఊరి ఎండను బట్టి తారును ఎన్నుకొనే పద్ధతి ఈ విధంగా ఏర్పడింది.

సూది పరీక్షను మాత్రం పూర్తిగా విడిచిపెట్టలేదు. మరీ గట్టి తారు చలికి పగులుతుంది కాబట్టి, సూది ఇంతకంటె తక్కువ దిగకూడదనే నియమం కొనసాగింది. 135 డిగ్రీల వద్ద కూడా స్నిగ్ధతను పరీక్షిస్తారు. కంకరతో కలిపి, పరచి, రోలరు నడిపే వేడిలో తారు ఎంత పలుచగా ఉంటుందో దానివల్ల తెలుస్తుంది. పాలిమర్లు కలిపిన తారుకు 2019 నాటి భారతీయ ప్రమాణం మరొక అడుగు వేసి, రోడ్డు గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలనే రకం పేరుగా పెట్టింది.

తారుకు వార్ధక్యం కూడా ఉంది. కంకరతో కలిసే సమయంలో అది 150 డిగ్రీలకు మించిన వేడిలో పలుచని పొరగా పరచుకొని గాలిలోని ఆక్సిజన్‌తో సంయోగం చెందుతుంది. ఆ కొద్ది నిమిషాలలోనే ఎంతో గట్టిపడుతుంది. రోడ్డు మీద మిగిలిన జీవితమంతా ఆ గట్టిపడడం నెమ్మదిగా సాగుతూనే ఉంటుంది. దీనిని అనుకరించడానికి తారును పలుచని పొరగా పోసి 163 డిగ్రీల పొయ్యిలో 5 గంటలు ఉంచుతారు. అటుపిమ్మట 60 డిగ్రీల వద్ద దాని స్నిగ్ధత మొదటిదానికి నాలుగు రెట్లకు మించకూడదు. సాగేగుణాన్ని చూడవలసింది కూడా ఈ ముదిరిన తారులోనే అని కొత్త ప్రమాణం చెప్పడం సమంజసంగా ఉంది.

తారు ఎంత మంచిదైనా ఒంటరిగా రోడ్డు కాదు. రోడ్డు బరువులో నూటికి తొంభై నాలుగు పాళ్లకు పైగా రాయే. రాయికి తారుకంటె నీటి మీద మక్కువ ఎక్కువ. సిలికా అధికంగా గల గ్రానైటు వంటి రాళ్లకు ఈ గుణం మరింత ఎక్కువ. సున్నపురాయి తారును గట్టిగా పట్టుకుంటుంది. తారు పూసిన కంకరను 40 డిగ్రీల నీటిలో ఒక రోజంతా నానబెట్టి, ఎంత భాగం తారు ఊడిపోయిందో కంటితో అంచనా వేస్తారు. నూటికి 95 పాళ్లయినా పూత నిలిచి ఉండాలి. నిలవకపోతే పొడి సున్నాన్నో, అటువంటి వేరొక పదార్థాన్నో చేర్చి మళ్లీ పరీక్షిస్తారు. తొలకరి తరువాత రోడ్డు మీద చెల్లాచెదురుగా కనిపించే కంకర రాళ్లను చేతిలోకి తీసుకొని చూడండి. వాటిలో కొన్ని తారు జాడ లేకుండా తెల్లగా, కడిగినట్లు ఉంటాయి.

తారు, కంకర ఏ పాళ్లలో కలపాలో నిర్ణయించే పరీక్ష మార్షల్ అనే ఇంజనీరు పేరుతో ప్రసిద్ధమైంది. ఆయన అమెరికాలోని మిసిసిపీ రాష్ట్ర రహదారుల శాఖలో 1939 ప్రాంతంలో దీనిని రూపొందించాడు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో బరువైన విమానాలు దిగే రన్‌వేల కోసం ఆ దేశపు సైనిక ఇంజనీర్లు దీనిని మెరుగుపరిచారు. వేడి మిశ్రమాన్ని సుమారు నాలుగంగుళాల వ్యాసం గల అచ్చులో పోసి, నాలుగున్నర కిలోల బరువును అడుగున్నర ఎత్తు నుండి ఒక్కొక్క వైపున 75 సార్లు జారవిడిచి, దిమ్మిస కొట్టినట్లు కుదిస్తారు. ఆ బిళ్లను 60 డిగ్రీల నీటిలో అరగంట ఉంచి యంత్రంలో అదుముతారు. ఎన్ని కిలోన్యూటన్ల బలానికి అది లొంగిందో, లొంగేలోగా ఎన్ని మిల్లీమీటర్లు వంగిందో నమోదు చేస్తారు. మన రహదారుల నిబంధనలలో వీజీ-30తో చేసిన పైపొర మిశ్రమానికి కనీసం 9 కిలోన్యూటన్ల బలం, 2 నుండి 4 మిల్లీమీటర్ల వంపు ఉండాలన్నారు.

ఈ అంకెల కంటె ముఖ్యమైనది ఆ బిళ్లలో మిగిలిన గాలి అని నా అభిప్రాయం. మొత్తం ఘనపరిమాణంలో నూటికి 3 నుండి 5 పాళ్లు ఖాళీ ఉండాలి. అంతకంటె తక్కువైతే ఎండకు వ్యాకోచించిన తారుకు చోటు చాలక పైకి ఉబికి రోడ్డు జారుడు బండ అవుతుంది. ఎక్కువైతే నీరూ గాలీ లోపలికి దూరి తారును ముదిరిపోయేలా చేసి, రాయి నుండి ఊడదీస్తాయి. బలపు అంకె పెద్దదిగా ఉంటే మేలని భావించి తారును తగ్గించిన మిశ్రమం కొద్ది ఏళ్లకే బీటలు వారుతుంది.

తారును తగ్గించడానికి ఇంజనీరింగు కారణాలే ఉండనక్కరలేదు. మిశ్రమంలో అత్యంత ఖరీదైనది తారు. ఏడు మీటర్ల వెడల్పు, 40 మిల్లీమీటర్ల మందం గల పొరను ఒక కిలోమీటరు పొడవున వేస్తే సుమారు 670 టన్నుల మిశ్రమం పడుతుంది. నూటికి 5.5 పాళ్లు తారు ఉండవలసిన చోట 5 పాళ్లే వేస్తే, కిలోమీటరుకు మూడు టన్నులకు పైగా తారు మిగులుతుంది. నల్లగా ఉండే రోడ్డును చూసి ఈ తేడాను ఎవరూ పసిగట్టలేరు. ప్రయోగశాల పసిగడుతుంది. మిశ్రమాన్ని తూచి, తారును కరిగించే ద్రావణిలో నానబెట్టి, అపకేంద్ర యంత్రంలో గిరగిర తిప్పుతారు. తారు ద్రావణితో పాటు బయటికి పోయి, కడిగిన కంకర లోపల మిగులుతుంది. దానిని ఆరబెట్టి తూచి, ద్రావణితో పాటు జారిపోయిన సన్నని రాతిపొడిని కూడా లెక్కలో కలిపితే పోయిన తారు ఎంతో తేలుతుంది. నిర్ణయించిన పాలుకు అటూఇటూ 0.3 వరకే తేడాను మన్నిస్తారు.

అయితే ఈ తీర్పంతా పరీక్షకు వచ్చిన నమూనాకే వర్తిస్తుంది. ఎవరో ప్రత్యేకంగా కలిపి, డబ్బాలో పెట్టి తెచ్చి ఇచ్చిన మిశ్రమం ప్రతి పరీక్షలోనూ నెగ్గవచ్చు. రోడ్డుకు దానితో ఏ సంబంధమూ ఉండకపోవచ్చు. అందుకే నమూనాను ఏ లారీ నుండి, రోడ్డులో ఏ చోటు నుండి తీయాలో సరఫరా చేసేవారు గాక పరీక్షించేవారే ఎంచుకోవాలి. వేసిన రోడ్డును సైతం వదలరు. గుండ్రని కోత యంత్రంతో పైపొరను నిలువునా తొలిచి, స్తంభం వంటి ముక్కను బయటికి తీసి, దాని మందాన్ని, సాంద్రతను కొలుస్తారు. ఆ రంధ్రాన్ని వెంటనే కొత్త మిశ్రమంతో పూడ్చి కుదిస్తారు. కొత్తగా వేసిన రోడ్డు మీద అక్కడక్కడ అరచేయంత వెడల్పున, చుట్టూ గీత గీసినట్లు గుండ్రని అతుకులు కనిపించేది ఇందువల్లనే.